చెయ్యి లేపే విద్య

హొగేనకల్‌లో గుండ్రటి పుట్టి పడవ నడిపే మనిషి వీపును ఎప్పుడైనా దగ్గరగా చూశారా? జలపాతం హోరులో అందరి కళ్లూ నురగ మీదే ఉంటాయి. నా కళ్లు మాత్రం తెడ్డు మీదికే పోతాయి. అతను ముందుకు వంగి తెడ్డు దించుతాడు, నీళ్లను తన వైపు లాక్కుంటాడు, మణికట్టు తిప్పి మళ్లీ దించుతాడు. లాగినప్పుడల్లా చంక వెనక నుంచి నడుము దాకా వెడల్పాటి కండ ఒకటి చర్మం కింద తేలుతుంది, మునుగుతుంది, మళ్లీ తేలుతుంది. పుట్టి సాగలేనంతగా రాళ్లు అడ్డం వచ్చిన చోట జనాన్ని దింపి, పుట్టిని బోర్లించి నెత్తికెత్తుకుంటాడు. రెండు చేతులూ తలపైకి లేపి, అంచు పట్టుకుని, తడి రాళ్ల మీద అడుగు తడబడకుండా నడిచిపోతాడు. ఒడ్డున నూనె మర్దనా చేసేవాళ్ల చేతులదీ అదే సత్తువ. రెక్కాడితే గానీ డొక్కాడదు అంటాం. ఆ రెక్క ఎలా ఆడుతుందో, ఆడనప్పుడు వైద్యం దాన్ని ఎలా ఆడిస్తుందో తెలిసినకొద్దీ నోరు వెళ్లబెట్టడం తప్ప నాకు మరో పని ఉండదు.

మన ఒంట్లో భుజమంత స్వేచ్ఛ ఉన్న కీలు ఇంకోటి లేదు. తుంటిలో బంతి గిన్నెలోకి లోతుగా దిగి కూర్చుంటుంది. అందుకే అది మన బరువు మోస్తుంది, అందుకే దానికి ఆటంకాలెక్కువ. భుజంలో గిన్నె అన్నది పేరుకే, దాదాపు బల్లపరుపు. జబ్బ ఎముక తల దానికంటే చాలా పెద్దది. ఏ క్షణంలో చూసినా ఆ తలలో మూడో వంతుకు మించి గిన్నెను తాకదు. చూడబోతే జారిపోవడానికే చేసిన కీలు! ఆ వదులు ఉండబట్టే జడ అల్లుకుంటాం, రాయి విసురుతాం, అటక మీద ఆవకాయ జాడీ దించుతాం, తల మీద చేతులు జోడించి దేవుడికి దండం పెడతాం. మరి జారకుండా ఎవరు కాస్తున్నారు?

తైపూసం వేళ ధర్మపురి కుమారసామిపేటలో మురుగన్ తేరును ఆడవాళ్లు లాగుతారు. తాళ్లు పట్టిన చేతుల బలానికి తేరు కదులుతుంది, నిజమే. కానీ అది దారి తప్పి పక్క గోడకు గుద్దుకోకుండా నడిపేది తాడు పట్టినవాళ్లు కాదు. చక్రాల పక్కన వంగి నడుస్తూ, సమయానికి చెక్కదిమ్మ అడ్డం పెట్టి, తీసి, మళ్లీ పెట్టే నలుగురైదుగురు. వాళ్లను ఎవరూ ఫోటో తియ్యరు. భుజంలోనూ ఇదే ఏర్పాటు. పైకి కనిపించే డెల్టాయిడ్ కండ బలశాలి, చేతిని లాగేది అదే. కానీ అది ఒక్కటే లాగితే ఎముక తల గిన్నెలో నిలబడదు, పైకి జారి పై ఎముకకు కొట్టుకుంటుంది. దాన్ని గిన్నె మధ్యలో అదిమి పట్టేవి నాలుగు చిన్న కండలు. సుప్రాస్పైనేటస్, ఇన్‌ఫ్రాస్పైనేటస్, టెరీస్ మైనర్ పైనుంచీ వెనకనుంచీ వస్తాయి, సబ్‌స్కాప్యులారిస్ ముందునుంచి. వాటి టెండన్లు, అంటే కండను ఎముకకు కట్టి ఉంచే తాళ్లు, ఎముక తల చుట్టూ ఒక్కటై అల్లుకుపోతాయి. డాక్టర్లు దాన్ని రొటేటర్ కఫ్ అంటారు. మనం చెయ్యి ఎత్తిన ప్రతిసారీ డెల్టాయిడ్ పైకి లాగుతుంటే ఈ నాలుగూ లోపలికి లాగుతుంటాయి. ఈ రెండింటి పొత్తు కుదిరినంత కాలం మనకు భుజం ఒకటుందన్న ధ్యాసే ఉండదు.

ధ్యాస వచ్చేది ఆ తాళ్లు తెగినప్పుడే. బైకు మీంచి పడ్డ మనిషి, పాలక్కోడు సంతలో ఏళ్ల తరబడి టమాటా పెట్టెలు ఎత్తిన మనిషి, ఏమీ చెయ్యకుండానే డెబ్బై ఏళ్లు వచ్చిన మనిషి. నరం పట్టేసిందంటారు, నూనె రాయిస్తారు, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేరు. తర్వాత ఒకనాడు అన్నం ముద్ద నోటిదాకా రాదు. కుడిచేతి మోచేతిని ఎడమచేత్తో ఎత్తి పట్టుకుని తల దువ్వుకునే ముసలమ్మను చూశారంటే ఆ భుజంలో ఏం జరిగిందో చాలావరకు ఊహించవచ్చు. నరాలన్నీ బాగానే ఉంటాయి, డెల్టాయిడ్ బిగుసుకుంటూనే ఉంటుంది. అయినా చెయ్యి లేవదు.

తెగితే కుట్టొచ్చు కదా? కుట్టొచ్చు, వేళకు వస్తే. తెగిన టెండన్ ఎముక దగ్గర ఆగదు, రబ్బరు తెగినట్టు వెనక్కి ముడుచుకుపోతుంది. పని లేని కండ నెలలు గడిచేకొద్దీ కొవ్వుగా మారుతుంది. ఫ్రాన్స్‌లో డానియెల్ గుటాలియే 1994లో ఈ మార్పును సున్నా నుంచి నాలుగు దాకా మెట్లుగా కొలిచి చూపించాడు. పై మెట్లకు చేరిన కండను బలవంతంగా లాక్కొచ్చి కుట్టినా కుట్టు నిలవదు, నిలిచినా కండ పనిచెయ్యదు. ఇక ఎముక తల పైకి పాకుతుంది. ఎక్స్‌రేలో దానికీ పై ఎముకకూ మధ్య ఖాళీ 7 మిల్లీమీటర్ల కంటే తగ్గితే సర్జన్ మొహం మారుతుంది. అలా ఒరుసుకుని ఒరుసుకుని కీలే అరిగిపోయే స్థితికి సర్జన్ చార్ల్స్ నీర్, అతని సహచరులు 1983లో పేరు పెట్టారు. ‘రిపేరుకు లొంగదు’ అన్న మాట సర్జన్ నోట వచ్చేది అప్పుడే.

నా అబ్బురమంతా అక్కడే మొదలవుతుంది. తెగినదాన్ని అతకడం గొప్పే. కానీ అతకదని ఒప్పుకున్నాక కూడా చెయ్యి లేపడానికి దారి వెతికినవాళ్లున్నారు చూడండి, వాళ్లకు ఏమిచ్చి రుణం తీర్చుకోగలం?

1834లో లండన్‌లో జె. జి. స్మిత్ అనే వైద్యుడు తెగిన భుజపు టెండన్ల గురించి రాశాడు. నూరేళ్ల తర్వాత, 1934లో, బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ అమోరీ కోడ్‌మన్ భుజం మీద ఒక పెద్ద పుస్తకమే వేశాడు. 1909లోనే అతను తెగిన టెండన్‌ను కుట్టి చూపినవాడు. మొండిఘటం. ఆపరేషన్ చేసిన ప్రతి రోగీ తర్వాత ఏమయ్యాడో కనుక్కుని, తప్పు జరిగితే తప్పని అచ్చు వెయ్యాలన్నాడు. తన సొంత ఆస్పత్రిలో 337 మంది రోగుల లెక్క తీసి, 123 పొరపాట్లు తనే ప్రకటించాడు. తోటి వైద్యులు వెలివేసినంత పని చేశారు. 1940లో పోయాడు. సమాధి మీద పేరున్న రాయి 2014లో గానీ పడలేదు. భుజం విద్యకు ఇంత నిజాయితీ గల మూలపురుషుడు దొరకడం మన అదృష్టం. ఆ సంగతి కింద ఇంకోచోట అక్కరకొస్తుంది.

ఇక అసలు కథ మన పక్కనే ఉంది. ధర్మపురి నుంచి తొప్పూరు ఘాట్ దిగి సేలం దాటి ఇంకా దక్షిణానికి పోతే కొల్లి కొండలు. 1914 జూలై 17న ఆ కొండల్లో ఒక ఇంగ్లీషు మిషనరీ ఇంట్లో పుట్టాడు పాల్ బ్రాండ్. పిల్లాడు ఇంగ్లండులో చదువుతుండగానే, 1929లో, తండ్రి కొండజ్వరంతో పోయాడు. తల్లి ఎవ్లిన్ మాత్రం కొండల్ని వదల్లేదు. తొంభై దాటిన ముసలితనం దాకా ఆ చుట్టుపక్కల ఊళ్లే తిరిగింది. పాల్ డాక్టరు కాకముందు కొన్నేళ్లు వడ్రంగం, తాపీపని నేర్చుకున్నాడు. అది వృథా పోలేదంటాను. 1946లో వెల్లూరు సీఎంసీకి వచ్చాడు. చిత్తూరు, అనంతపురం వైపు మన ఇళ్లలో జబ్బు ముదిరితే తలుచుకునే మొదటి పేరు ఆ వెల్లూరే కదా.

చెంగల్పట్టు కుష్ఠు ఆశ్రమంలో డాక్టర్ రాబర్ట్ కాక్రేన్ అతనికి రోగుల్ని చూపించాడు. వేళ్లు వంకరపోయి గోళ్లలా ముడుచుకున్న చేతులు. ఒక రోగి చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కమంటే, బ్రాండ్ అరిచినంత పని చేశాడు. అంత పట్టు! చచ్చుబడిందనుకున్న చేతిలో చావని కండలు ఇన్ని ఉన్నాయా? ఆ నొప్పిలోంచి పుట్టింది ఆలోచన. నరం చచ్చి కొన్ని కండలు పోయాయి. ముంజేతిలో మిగతావి నిక్షేపంగా ఉన్నాయి. బాగున్న కండ టెండన్‌ను దాని చోటు నుంచి విప్పి, పోయిన కండ పని చేసే చోటికి మళ్లించి కుడితే? 1940లు ముగిసేలోపే వెల్లూరులో ఆ చేతులు తెరుచుకోవడం మొదలైంది. టెండన్ మార్పిడి అంతకుముందూ ఉంది. పోలియో వచ్చిన పిల్లలకు చేసేవారు. కానీ కుష్ఠు చేతికి, ఊరు వెలివేసిన చేతికి, సర్జరీ చెయ్యడమేమిటని లోకం అనుకుంటున్న రోజుల్లో వందల చేతుల మీద దాన్ని నిలబెట్టి శాస్త్రం చేసింది ఈ కొండ కుర్రాడు. 1960లో లాస్కర్ అవార్డు అందుకున్నాడు, 2003లో పోయాడు.

ఈ పద్ధతిలో మెదడు చేసే పని మీద నాకు మరీ మోజు. కండను దాని నరంతో, రక్తనాళంతో సహా ఉంచి కొస మాత్రమే మార్చి కడతారు. మెదడుకు ఆ సంగతి తెలియదు. అది పాత ఆజ్ఞే పంపుతుంది, కొత్త కదలిక వస్తుంది. వారాల తరబడి సాధన చేస్తే మెదడే ఒప్పేసుకుంటుంది.

సరిగ్గా ఆ విద్యే భుజానికి ఎక్కింది. 1934లో అమెరికాలో జేమ్స్ లెపిస్కోపో కాన్పులో నరం దెబ్బతిన్న పిల్లల భుజాలకు వీపు వైపు కండల కొసలు మార్చి కట్టాడు. 1988లో స్విట్జర్లాండ్ సర్జన్ క్రిస్టియన్ గెర్బర్ అదే మార్గాన్ని రిపేరుకు లొంగని రొటేటర్ కఫ్ కోసం వాడాడు. ఏ కండతో? లాటిసిమస్ డోర్సై. హొగేనకల్ మనిషి తెడ్డు లాగినప్పుడు వీపు మీద తేలి మునిగే వెడల్పాటి కండ ఉందే, అదే! పుట్టినప్పటి నుంచీ దాని పని చేతిని కిందికి, వెనక్కి, లోపలికి లాగడం. గెర్బర్ దాని టెండన్‌ను జబ్బ ఎముక ముందువైపు నుంచి విప్పి, డెల్టాయిడ్ కింద నుంచి వెనకగా పైకి తెచ్చి, ఎముక తల పైభాగాన కట్టాడు. కిందికి లాగే కండ ఇప్పుడు చేతిని బయటికి తిప్పుతుంది, ఎముక తలను అదిమి పట్టి డెల్టాయిడ్‌కు చెయ్యి ఎత్తే వీలు ఇస్తుంది. శత్రువును దుర్గానికి కాపలా పెట్టడమే ఇది.

ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు చెయ్యి పట్టీలోనే ఉంటుంది. ఆపైన ఫిజియోథెరపీ గదిలో జరిగేది చూడాలి. “మోచేతిని ఒంటికేసి నొక్కండి, నొక్కుతూనే చెయ్యి పైకి ఎత్తండి” అంటారు. వినడానికి అర్థం లేని మాట. నొక్కడం పాత ఆజ్ఞ, ఎత్తడం కొత్త పని. రోగి అయోమయంగా మొహం పెట్టి ప్రయత్నిస్తాడు, భుజం వణుకుతుంది, చెంప పక్కగా చెయ్యి బెత్తెడు లేస్తుంది. అప్పుడు ఆ మొహం చూడాలి! అయితే ఇది అందరికీ కాదు. ముందువైపు సబ్‌స్కాప్యులారిస్ బాగుండాలి, డెల్టాయిడ్ బతికుండాలి, కీలు అరిగి ఉండకూడదు, సాధన చేసే ఓపిక ఉండాలి. ఇంకా పనిచేసుకోవలసిన వయసులో ఉన్నవాడికి సరిపోయే మార్గమిది.

మేయో క్లినిక్‌లో బాసెమ్ ఎల్హసన్ ఇంకో కండ పట్టుకున్నాడు. ట్రెపీజియస్ కింది భాగం. దాని లాగుడు దిశ పోయిన ఇన్‌ఫ్రాస్పైనేటస్ దిశతో దాదాపు ఒక్కటే. చిక్కల్లా పొడవు చాలకపోవడం. అందుకని మరణించిన దాత మడమ టెండన్‌ను మధ్యలో అతికి పొడిగిస్తారు. దాత కణజాలం దొరకని చోట రోగి తొడ వెనక టెండన్‌నే తీసి వాడే సర్జన్లున్నారు. కాలి తాడు చేతికి! ఒంటికి ఇంత ఉమ్మడి ఆస్తి ఉందని ఎవరనుకున్నారు?

జపాన్‌లో ఒసాకా వైద్యుడు తెరుహిసా మిహాటా దారే వేరు. కండను మార్చడం మాట అటుంచి, ముందు ఎముక తల పైకి జారకుండా చూద్దామన్నాడు. రోగి తొడ పక్కన ఉండే గట్టి పొరను తీసి, మడిచి మందం చేసి, గిన్నె పై అంచుకు ఒక కొస, జబ్బ ఎముకకు ఒక కొస కట్టాడు. మొదటిసారి చేసింది 2007లో. 2013లో ప్రకటించిన ఫలితాల్లో 24 భుజాల్లో సగటున 84 డిగ్రీలే లేచే చెయ్యి 148 డిగ్రీలు లేచింది. అంటే అడ్డంగా చాపలేనివాళ్లు అటక అందుకున్నారు. ఆ పొరలో కండ లేదు, నరం లేదు, ఆజ్ఞ వినే శక్తి లేదు. అడ్డంగా ఉంది, అంతే. అది చాలింది.

ఇజ్రాయెల్ వాళ్లు ఇంకా తేలిక మార్గం అన్నారు. ఎముక తలకూ పై ఎముకకూ మధ్య కరిగిపోయే బెలూన్ పెట్టి ఉప్పునీరు నింపడం. కొన్ని నిమిషాల పని. ఏడాది తిరిగేలోపు అది ఒంట్లో కలిసిపోతుంది. 2021లో అమెరికా అనుమతి కూడా వచ్చింది. చూడముచ్చటైన ఆలోచన. కానీ బ్రిటన్‌లో 24 ఆస్పత్రులు కలిసి 117 మంది మీద పరీక్షిస్తే, బెలూన్ పెట్టినవాళ్ల కంటే లోపల శుభ్రం చేసి వదిలేసినవాళ్లే మెరుగ్గా ఉన్నారు. ప్రయోగాన్ని మధ్యలోనే ఆపి 2022లో లాన్సెట్ వైద్య పత్రికలో ఆ మాట అచ్చు వేశారు. కోడ్‌మన్ బతికుంటే లేచి చప్పట్లు కొట్టేవాడు. పనికొచ్చిన ఆపరేషన్ ఎంత పొగడదగిందో, పనికిరాదని తేల్చిన పరీక్షా అంతే పొగడదగింది. బెలూన్ ఇంకా కొన్నిచోట్ల పెడుతున్నారు. నన్నడిగితే ఆ పరీక్ష ఫలితం గురించి సర్జన్‌ను ఒక మాట అడగకుండా ఒప్పుకోవద్దంటాను.

అన్నిటికంటే పెద్ద సాహసం ఫ్రాన్స్‌లోని దిజోన్‌లో జరిగింది. మామూలుగా కీలు మార్చేటప్పుడు దేవుడు చేసినట్టే చేస్తారు. బంతి స్థానంలో లోహపు బంతి, గిన్నె స్థానంలో ప్లాస్టిక్ గిన్నె. రొటేటర్ కఫ్ లేని భుజంలో అది నిలవదు, పైకి జారుతూ గిన్నెను వదులు చేసేస్తుంది. బంతినీ గిన్నెనూ తారుమారు చేస్తే ఎలా ఉంటుందని నీర్ అంతటివాడు 1970ల మొదట్లో మూడు నమూనాలు చేసి చూసి, లాభం లేదని వదిలేశాడు. భుజం శస్త్రచికిత్సలో ఆయన మాట వేదం. ఆయన వదిలేసినదాన్ని ఇంకెవరు ముట్టుకుంటారు?

పాల్ గ్రామాన్ ముట్టుకున్నాడు. 1985లో అతను లోహపు బంతిని పాత గిన్నె చోట, రెక్క ఎముకకు బిగించాడు, గిన్నెను జబ్బ ఎముక పైన కూర్చోబెట్టాడు. తలకిందుల భుజం. అంతకుముందు వాళ్లూ తిరగేశారు, కానీ తిరిగే కేంద్రాన్ని ఎముకకు దూరంగా బయటికి పెట్టారు. కదిలినప్పుడల్లా ఆ పెకలింపు బిగింపు మీద పడి అది ఊడేది. గ్రామాన్ కేంద్రాన్ని ఎముక ఒంటి మీదికే, లోపలికి, కిందికి జరిపాడు. దానితో రెండు మేళ్లు ఒక్కసారే జరిగాయి. బిగింపు నిలిచింది. జబ్బ ఎముక కిందికి దిగడంతో డెల్టాయిడ్ సాగి బిగువెక్కింది, దాని లాగుడుకు పిడి పొడవు పెరిగింది. పైకి జారిపోదామన్నా జారడానికి చోటు లేదు, గిన్నె బంతికి కింద ఒదిగి ఉంది. ఏ లాగుడు భుజాన్ని పాడుచేసిందో అదే లాగుడు ఇప్పుడు చేతిని ఎత్తుతోంది. నాలుగు చిన్న కండలు లేకున్నా ఒక్క డెల్టాయిడ్ చాలు! 1991లో డెల్టా 3 పేరుతో ఆ కీలు స్థిరపడింది, 2003లో అమెరికాలో అనుమతి పొందింది. ఇప్పుడు అక్కడ మామూలు భుజం మార్పిడి కంటే ఈ తిరగేసినదే ఎక్కువగా చేస్తున్నారు. గ్రామాన్ 2013లో పోయాడు. సృష్టిని తలకిందులు చేసి సృష్టి పని జరిపించిన మనిషి పేరైనా మన దగ్గర ఎవరూ ఎత్తరు, అదే నా బాధ.

పొగడ్త మత్తులో లోపాలు దాచకూడదు. తిరగేసిన కీలు పెట్టినవాళ్లకు చెయ్యి లేచినా బయటికి తిప్పే శక్తి తక్కువగా ఉండొచ్చు. దానికి నీస్ నగరంలో పాస్కల్ బ్వాలో, లెపిస్కోపో మార్పిడిని కూడా కలిపి చేసి చూపించాడు, రెండు విద్యలూ ఒక్క భుజంలో. కీలు తప్పుకోవచ్చు, ఇన్‌ఫెక్షన్ రావచ్చు, పై ఎముకకు పగులు రావచ్చు. బస్తాలు ఎత్తే పని మాత్రం ఇక మానుకోవాలి. అందుకే దీన్ని ఎక్కువగా పెద్ద వయసువాళ్లకే ఉంచుతారు. ఇంకా ముందు చెప్పవలసిందొకటి: కత్తి పెట్టకముందే, పడుకుని చెయ్యి నిటారుగా ఎత్తి అటూ ఇటూ ఆడించే డెల్టాయిడ్ వ్యాయామం నెలల పాటు చేసి చెయ్యి లేపుకున్న ముసలివాళ్లు ఉన్నారు. తెగిన టెండన్‌తోనే నొప్పి లేకుండా బతికేవాళ్లూ ఉన్నారు. మంచి సర్జన్ ఎక్స్‌రేకు ఆపరేషన్ చెయ్యడు, మనిషికి చేస్తాడు.

ధర్మపురిలోనూ, కృష్ణగిరిలోనూ, ఎల్లకు అటూ ఇటూ ఉన్న మన తెలుగువాళ్లందరికీ ఒక విన్నపం. ఎముక విరిగితే పుత్తూరు కట్టును నమ్ముకునే ఇళ్లు మనవి. చిత్తూరు సీమ నుంచి వచ్చిన ఆ పేరు తమిళనాట ఊరూరా బోర్డుల మీద కనిపిస్తుంది, నాకూ ముచ్చటే. కానీ టెండన్ తెగడం ఎముక విరగడం కాదు, కట్టు కడితే అతికేది కాదు, ఎక్స్‌రేలో కనిపించేదీ కాదు. పడ్డాక రెండు వారాలైనా చెయ్యి తనంతట తాను పైకి లేవకపోతే నూనె సీసా పక్కన పెట్టి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. అల్ట్రాసౌండ్ గానీ ఎమ్మారై గానీ తీయించమని అడగండి. మొదటి కొన్ని వారాల్లో కుట్టుతో పోయేదాన్ని రెండేళ్లు మర్దనాతో నెట్టుకొచ్చి దిజోన్ దాకా తెచ్చుకోవద్దు. పైన చెప్పిన ఇంతమంది మేధావుల్లో, కొవ్వుగా మారిన కండను తిరిగి కండగా మార్చే ఆపరేషన్ ఇంతవరకు ఒక్కరూ కనిపెట్టలేదు.